కొబ్బరి చిప్పల కాటా

ప్రశ్న: మాది కర్నూలు. బాబుకి ఆరేళ్లు, ఒకటో తరగతి. బడి నుంచి రాగానే ఐదింటికి ట్యూషన్‌కు వెళ్తే ఏడున్నరకు వస్తాడు. మిగిలిన కాసేపూ వాళ్ల అవ్వతో కూర్చుని, కొబ్బరి చిప్పలకు దారం కట్టి చింతగింజలు తూకం వేసేవాడు. మా ఆయన మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల దుకాణంలో గుమాస్తా. "నువ్వూ కాటా పట్టుకుంటావా?" అని కోప్పడి అన్నీ బయట పారేశారు. ఇప్పుడు వాడు దిండును ముందు పెట్టుకుని "చెయ్యి చాపు" అంటూ స్కేలుతో కొడుతున్నాడు. గోళ్లు కొరుకుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఆయన కోపం నాకు అర్థమైంది. ఎండలో నిలబడి బస్తాల లెక్క రాసే మనిషికి కొడుకు ఆ పనిలోకి రాకూడదనే ఉంటుంది. కానీ బాబు ఆడుకున్నది నాన్న ఆట. పొద్దున పోయిన నాన్న అక్కడ ఏం చేస్తుంటాడో ఊహించుకుని ఆడుతున్నాడు. ఈ మాట ఆయనకు నిదానంగా చెప్పండి.

ఆ ఆటలో చదువు లేదనుకోకండి. ఒక చిప్ప కిందికి దిగితే రెండోదాంట్లో ఇంకెన్ని గింజలు వేయాలో చూసుకోవడం, అవ్వతో బేరమాడటం, తన వంతు వచ్చేదాకా ఆగడం, అన్నీ వాడు నేర్చుకుంటున్నవే. చిన్న గింజను వేళ్లతో పట్టుకోవడం అలవాటైతే పెన్సిలు పట్టూ కుదురుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటలతోనే నేర్పమంటోంది. ఒకటో తరగతికి రెండున్నర గంటల ట్యూషన్ అసలు అక్కర్లేదని నా అభిప్రాయం. ఆయన ఒప్పుకోకపోతే ముందు గంటకు తగ్గించండి. ఈ వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఊరి ఎండలకు అది సాయంత్రమే కుదురుతుంది, ఆ సాయంత్రమేమో ట్యూషన్‌కే పోతోంది. వీధి పిల్లలతో ఏడుపెంకులాటకు పంపండి. ఓడిపోయి ఏడ్చినా వెంటనే మధ్యలోకి వెళ్లకండి.

నాకు ఎక్కువ బెంగ కలిగించింది ఆ దిండు. దాన్ని అల్లరి అనుకోవద్దు. భయపెట్టిన సంగతిని చిన్నపిల్లలు నోటితో చెప్పలేక ఆడి చూపిస్తారు. ఆటలో స్కేలు తన చేతిలో ఉంటుంది కాబట్టి వాడికి కాస్త ధైర్యం. "నిన్నెవరు కొట్టారు?" అని నిలదీయకండి. పక్కన కూర్చుని, "పాపం దిండు ఏం తప్పు చేసింది? ఇప్పుడు దానికి ఎట్లుంది?" అని అడిగి, చెప్పేదాకా ఓపిక పట్టండి. బడిలో కొడుతున్నారని తెలిస్తే ఊరుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మీరిద్దరూ వెళ్లి మాట్లాడండి, బాబును మాత్రం టీచర్ ఎదుట నిలబెట్టి అడిగించొద్దు. ట్యూషన్‌లో కొడుతుంటే రేపటి నుంచే మాన్పించండి. ఇంట్లో దెబ్బలుంటే అవీ ఈరోజే ఆగాలి.

నెల దాటినా గోళ్లు కొరకడం తగ్గకపోయినా, నిద్రలో ఉలిక్కిపడుతున్నా, బడికి వెళ్లనని ఏడుస్తున్నా కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి.

ఈలోగా, ఈ ఆదివారం కొత్త చిప్పలకు వాళ్ల నాన్న చేతే దారం కట్టించండి. నడుమ నుంచి రెండు చిప్పలనూ సమాన దూరంలో కట్టకపోతే కాటా ఒరిగిపోతుందని వాడికి ఆయనకంటే బాగా ఎవరు చెప్పగలరు?