ముక్కుకు పని చెప్పండి

ప్రశ్న: నెల్లూరు దర్గామిట్టలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. మా లాబ్రడార్ పేరు చిన్నోడు, మూడేళ్ల మగకుక్క, 42 కిలోలు తూగుతున్నాడు. పిల్లల్ని బడికి పంపి పొద్దున ఎనిమిదికి కిందికి తీసుకెళ్తే పది నిమిషాలకే రొప్పుతూ కూలబడతాడు. పగలంతా పడుకుంటాడు. సాయంత్రమైతే చెప్పులు, దిండ్లు చించి పోగులు పెడతాడు. మేం తినేదే పెడతాం, చేపల పులుసన్నం అంటే ప్రాణం. వీడు హుషారుగా ఉండాలంటే ఏం చేయాలి?
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: అమ్మా, పగలంతా పడుకోవడం, సాయంత్రం చించడం మీరు రెండు సమస్యలుగా రాశారు. నాకు రెంటికీ మూలం ఒకటే అనిపిస్తోంది. చిన్నోడికి పొద్దు పోవడం లేదు.

ఇది నేను మా ఇంట్లోనే నేర్చుకున్నాను. ఒంగోలులో పశువైద్యురాలిగా ఉద్యోగం చేస్తున్నప్పుడు రాణి అనే కుక్క ఉండేది మాకు. పొద్దున వరండాలో గొలుసు వేసి డ్యూటీకి వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేదాన్ని. ఒకరోజు దాని ముందరి ఎడమకాలి మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు పోయి, చర్మం ఎర్రగా తడితడిగా కనిపించింది. అదేపనిగా నాకుతోంది. పూతమందు రాశాను, కట్టు కట్టాను, మాత్రలు వేశాను. కట్టు పీకేసి మళ్లీ నాకేది. రెండు నెలలు అలాగే గడిచాయి. చివరికి మా అత్తగారు, "పగలంతా దానికి ఆ కాలు తప్ప ఇంకేముందమ్మాయ్?" అన్నారు. ఆ రోజే గొలుసు తీసేశాం. ఆవిడ రోజూ మధ్యాహ్నం గుప్పెడు మరమరాలు పెరట్లో గడ్డి మీద చల్లేవారు. రాణి ముక్కు నేలకు ఆనించి, బుసబుసమంటూ ఒక్కొక్కటే ఏరుకుని తినేది. అరగంట పట్టేది. ఆ తర్వాత వెళ్లి హాయిగా నిద్రపోయేది. నెల తిరిగేసరికి పుండు ఎండింది.

కుక్క లోకాన్ని ముక్కుతోనే చూస్తుంది. అందుకే చిన్నోడి తిండిలో సగం గిన్నెలో పెట్టకండి. పాత తువ్వాలు నేల మీద పరిచి, ఉడికించిన క్యారెట్, బీన్స్ ముక్కలు నాలుగైదు వేసి చాపలా చుట్టి ఇవ్వండి. విప్పుకుని తినడం వచ్చాక ఒక ముడి వేయండి. తువ్వాలు మింగకుండా దగ్గరే ఉండండి. ఇంకోరోజు ముక్కల్ని తలుపు వెనక, కుర్చీ కింద దాచి "వెతుకు" అనండి. ఈ పని పిల్లలకు అప్పజెప్పండి, వాళ్లకూ సరదాగా ఉంటుంది. బయటికి తీసుకెళ్లినప్పుడు ప్రతి స్తంభం దగ్గరా ఆగి వాసన చూస్తుంటే గొలుసు పట్టి లాగకండి. అదీ నడకలో భాగమే.

ఇక బరువు. మగ లాబ్రడార్ మామూలుగా 29 నుంచి 36 కిలోలు ఉంటుంది. చిన్నోడి పక్కటెముకల మీద వేళ్లు ఆడించండి. మీ పిడికిలి వెనక వైపు తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో అంత స్పష్టంగా తగిలితే వాడు మరీ బక్కచిక్కినట్టు. చేయి చాపి, వెనక వైపు తడిమినట్టుంటే సరిపోయినట్టు. అరచేయి తడిమినట్టు మెత్తగా ఉంటే కొవ్వు పట్టినట్టు. వాడిది మూడోదే అయ్యుంటుంది. అయినా అంత నీరసం బరువు వల్లేనని నేను ఇక్కడినుంచి చెప్పలేను. పిడుదులు పట్టినా జ్వరం వచ్చి కుక్క ఇలాగే వాలిపోతుంది. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు తగ్గి తెల్లగా పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేకున్నా ఒకసారి రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించి, ఆ తర్వాతే బరువు సంగతి చూడండి. వారానికి అరకిలో మించి తగ్గించవద్దు.

చేపల పులుసు మాత్రం ఈరోజు నుంచే మానేయండి. నెల్లూరులో ఈ మాట చెప్పడం కష్టమే, కానీ అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను చిదిపేస్తాయి. ఒక్క పూటకు ఏమీ కాకపోవచ్చు, రోజూ పెడితే రక్తం తగ్గిపోతుంది. పులుసు కలపకముందే ఒక ముక్క పక్కకు తీసి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్లు ఏరి పెట్టండి, సంతోషంగా తింటాడు. ఉడికిన కోడి ఎముకలు, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ అసలు వద్దు. జ్వరమొచ్చిందని మన ఇంట్లో పారాసెటమాల్ వేయకండి.

నడక వేళ కూడా మార్చుకోవాలి. మన దగ్గర వేసవిలో ఎనిమిదింటికే ఎండ మండిపోతుంది, రోహిణి కార్తె సంగతి చెప్పనక్కర్లేదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి చలువ. ఐదున్నరకల్లా తీసుకెళ్లి వచ్చేయండి. సాయంత్రం అరచేయి వెనక భాగం తారురోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే వాడి పాదాలూ ఓర్చుకోలేవు. పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదు నిమిషాలు పెంచండి. ఎప్పుడైనా వడదెబ్బ తగిలి, చొంగ కారుస్తూ తూలుతుంటే ముందు ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఫ్యాను వేసి, ఆ తర్వాత ఆసుపత్రికి బయలుదేరండి. ఒక్క విషయం మర్చిపోవద్దు: మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు సలసలా కాగి ఉంటాయి. కుళాయి తిప్పి చేయి పెట్టి చూడండి, వేడిగా ఉంటే తాగే క్యాన్ నీళ్లయినా పోయండి. చల్లగా ఉంటుందని బొచ్చు గీయించకండి, ఎండకు అదే అడ్డు.

వీలైన ఆదివారం తెల్లవారుజామున మైపాడు సముద్రతీరానికి తీసుకెళ్లండి. లాబ్రడార్ల పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లతో కలిసి వలలు లాగినవి, జారిపోయిన చేపల్ని నోట కరుచుకొచ్చినవి. నీళ్లు చూడగానే వాడి తోక ఎలా ఊగుతుందో మీరే చూస్తారు. పొడవాటి తాడు కట్టి మోకాళ్ల లోతులోనే ఆడించండి. ఉప్పునీళ్లు తాగితే విరేచనాలవుతాయి, మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోండి. ఇంటికి రాగానే మామూలు నీళ్లతో కడిగి, చెవులు పొడిగా తుడవండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. గ్రానైట్ రాళ్ల మధ్య దొరికిన నాటు కుక్కపిల్లను పెంచుకుంటున్నాను, రెండు నెలలుంటాయి. దానికి కంపెనీ తిండి కొనాలంటున్నారు స్నేహితులు. టీకాలు ఎప్పుడు వేయించాలి?
– ఒక విద్యార్థి, చీమకుర్తి

జవాబు: బాబూ, కంపెనీ తిండి తప్పనిసరేం కాదు. అన్నంలో ఉడికించిన గుడ్డు, కాస్త పెరుగు, అప్పుడప్పుడూ ఉప్పులేని చికెన్ కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టు. పార్వో (కుక్కపిల్లలకు వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) వంటి వాటికి టీకా ఇప్పుడే మొదలుపెట్టాలి. మూడు నాలుగు వారాలకోసారి చొప్పున నాలుగు నెలల వయసు దాకా వేయిస్తారు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఏడాదికి మళ్లీ. మూడు నెలలు వచ్చేదాకా పదిహేను రోజులకోసారి నట్టల మందు తాగించాలి. టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కల మధ్యకు వదలకు.

ఆటలో అది పన్ను గుచ్చినా, గోరు గీరి రక్తం వచ్చినా ఇంట్లో దాచకు. సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అమ్మతో చెప్పి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకో. పిల్లకు పేరేం పెట్టావో రాయలేదు. రోజూ ఒకే పేరుతో, తిండి పెట్టేముందు పిలువు. వారంలో తల తిప్పి చూస్తుంది.