పెరట్లో పెట్టిన గూడుపెట్టెలో పిచ్చుక పిల్లలు ఎన్నాళ్లకు ఎగురుతాయి? ఈలోగా మనం ఏం చేయాలి?

మీరు అడిగినవి ఇవి: అయిదు రోజులుగా పెట్టెలోంచి కిచకిచలు వినిపిస్తున్నాయి, పిల్లలు ఎప్పుడు బయటికొస్తాయి? మూత తీసి ఫోటో తీసుకోవచ్చా? అన్నం మెతుకులు పెట్టాలా? పైగా, మనిషి చెయ్యి తగిలితే తల్లి వాటిని వెలేస్తుందని మీ అమ్మగారు అంటున్నారన్నారు.

మాది రాజమండ్రి. మా పెరటి గోడకున్న పెట్టెలో ఆరేళ్లుగా పిచ్చుకలు పిల్లల్ని పెడుతున్నాయి. పక్షుల శాస్త్రం చదువుకున్న మనిషిని కాదు. కాకపోతే ఈ ఆరేళ్లలో రెండు పెద్ద తప్పులు చేశాను. ఒకసారి తీయకూడని రోజున మూత తీశాను, ఇంకోసారి తీయాల్సిన రోజున తీయలేదు. మీ ప్రశ్నలకు జవాబులు చాలావరకు ఆ రెంటిలోనే ఉన్నాయి.

ముందు రోజుల లెక్క. ఆడపిచ్చుక రోజుకొకటి చొప్పున మామూలుగా మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. చివరి గుడ్డు పెట్టే వేళకి గానీ గట్టిగా పొదగడం మొదలుపెట్టదు, అందుకే పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి బయటపడతాయి. పొదిగేది 11 నుంచి 14 రోజులు. ఆ తర్వాత పిల్లలు గూట్లో ఉండేది సుమారు 15 రోజులు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. మొదటి రెండు మూడు రోజులు వాటి గొంతు పెట్టె దాటి రాదు. మీకు వినిపించడం మొదలై అయిదు రోజులంటే వాటి వయసు ఏడెనిమిది రోజులు అనుకోవచ్చు. అంటే ఇంకో వారం.

మా పెట్టెను మా వీధి వడ్రంగి చేత చేయించాను. మామిడి చెక్క, లోపల అయిదంగుళాల చదరం, పైన తెరుచుకునే మూత, ముందు అంగుళంపావు కన్నం. అంతకంటే పెద్ద కన్నం పెడితే గోరింకలు వచ్చి కూర్చుంటాయి, పిచ్చుకలకి మిగలదు. ఆయన అందానికి కన్నం కింద ఒక పుల్ల కూడా బిగించి తెచ్చాడు, పిట్ట వాలడానికట. పిచ్చుకకి ఆ పుల్లతో పనిలేదు, అది సూటిగా కన్నం అంచునే పట్టుకుంటుంది. వారం తిరక్కుండానే ఆ పుల్ల మీద కాకి వాలి లోపలికి ముక్కు పెట్టడం చూసి రంపంతో కోసేశాను. మీ పెట్టెకి ఉంటే మీరూ తీసేయండి, కాకపోతే ఇప్పుడు కాదు, పిల్లలు వెళ్లిపోయాక.

ఆ మొదటి ఏడాది నాకు ఆత్రం ఎక్కువ. తల్లీ తండ్రీ రెండూ బయటికి వెళ్లిన సందు చూసి స్టూలెక్కి మూత తీసేవాణ్ణి. రెండో రోజున చూసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మూత కిర్రుమనగానే నాలుగు నోళ్లు ఒక్కసారి పైకి లేచాయి. ఆ చప్పుడుకి అమ్మ వచ్చిందనుకున్నాయి పాపం. ఒళ్లంతా ఎర్రటి చర్మం, నూగు కూడా లేదు. కళ్లుండే చోట చర్మం కింద రెండు మినపగింజలు నల్లగా కనిపిస్తున్నాయి. నోరు లోపల ఎర్రగా, అంచులకి పసుపు రాసినట్టు. మెడ నిలవక నోళ్లన్నీ వణుకుతూ ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. నేను కదలకుండా నించుంటే రెండు నిమిషాల్లో మళ్లీ నిద్రపోయాయి.

అయిదో రోజుకి కళ్లు చీలికల్లా తెరుచుకున్నాయి. ఆరేడు రోజులకి రెక్కల మీద బూడిద రంగు ముళ్లు వరసగా మొలిచాయి. అవి ఈకలే, ఇంకా గొట్టాల్లో చుట్టి ఉంటాయి. పదో రోజు చూస్తే గొట్టాల కొసలు విచ్చుకుని పిల్లలు ఒక్కసారిగా పిచ్చుకల్లా అయిపోయాయి, పసుపు మూతీ పొట్టి తోకా తప్ప. అన్నిటికంటే ఎక్కువగా మారింది వాటి తీరు. ముందులా నోరు తెరవలేదు. గూడుకి అతుక్కుని, తలలు దించుకుని, ఊపిరి బిగబట్టి నన్నే చూశాయి. అంటే వచ్చింది అమ్మ కాదని వాటికి తెలుస్తోందన్నమాట. నేను అక్కడితో ఆగాల్సింది.

ఆగలేదు. పదమూడో రోజు ఉగాది. మా తమ్ముడి పిల్లలు వచ్చారు. వాళ్లకి చూపిద్దామని మూత తీశాను. నాలుగూ ఒక్కసారిగా నా మొహం మీదుగా ఎగిరిపోయాయి. ఎగరడమంటే ఎగరడం కాదు, విసిరేసినట్టు నాలుగు దిక్కులా పడ్డాయి. ఒకటి ములగచెట్టు మొదట్లో, ఒకటి బట్టలుతికే బండ వెనక. మూడోదాన్ని మా కళ్ల ముందే కాకి ఎత్తుకుపోయింది. నాలుగోది దొరకనేలేదు. పిల్లలు ఏడుపు, ఉగాది పచ్చడి ఎవరికీ గొంతు దిగలేదు. దొరికిన రెండిటినీ పెట్టెలో వేసి, కన్నానికి అరచెయ్యి అడ్డం పెట్టి, అవి సర్దుకునేదాకా పది నిమిషాలు అలాగే స్టూలు మీద నిలబడ్డాను. చెయ్యి తీశాక అదృష్టం కొద్దీ మళ్లీ దూకలేదు. మూడో రోజు పొద్దున్న రెండూ వాటంతట అవే వెళ్లాయి.

కాబట్టి ఫోటో సంగతి: గుడ్లు పిగిలిన నాటి నుంచి పది రోజుల లోపైతే, అమ్మానాన్నలు దగ్గర లేనప్పుడు, అర నిమిషంలో, ఫ్లాష్ లేకుండా ఒక్కటి తీసుకోండి. పదో రోజు దాటాక మూత జోలికి వెళ్లకండి. మీకు ఒకటి రెండు రోజులే ఉన్నట్టు లెక్క. నిజం చెప్పాలంటే అసలు తీయకపోయినా పోయేదేమీ లేదు. పది పన్నెండో రోజు నుంచి అవే కన్నంలోంచి తల బయటపెట్టి లోకాన్ని చూస్తాయి, కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఎన్నయినా తీసుకోవచ్చు.

ఇక అమ్మగారి మాట. మా అమ్మా అదే అనేది, మా ఊళ్లో అందరూ అదే అంటారు. అది నిజం కాదండీ. పిచ్చుకలు మనిషి వాసన పట్టి పిల్లల్ని వెలేయవు. నేను చేత్తో పట్టుకుని పెట్టెలో వేసిన ఆ రెండిటికీ పావుగంటలో తండ్రి పురుగు పట్టుకొచ్చి పెట్టింది. తల్లీ తండ్రీ రాకపోతే అడ్డం మనమే, మన చెయ్యి తగలడం కాదు. మనం పెట్టె ముందు నిలబడినంతసేపూ అవి కరెంటు తీగ మీద నోట్లో పురుగుతో కూర్చుని టిక్ టిక్ మని అరుస్తాయి గానీ దిగి రావు. అయితే ఆ నమ్మకాన్ని మా తమ్ముడి పిల్లల దగ్గర నేను ఖండించలేదు. వాళ్లు పెట్టె జోలికి వెళ్లకుండా అదే కాపాడుతోంది!

రెండో తప్పు మూడేళ్ల తర్వాత. ఉగాది దెబ్బకి మూత తీయనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ విడతలో నాలుగు పిల్లలు. పదిహేనో రోజు పొద్దున్న మూడు వెళ్లిపోయాయి. ఒకటి కన్నం దాకా వచ్చి, రెక్కలు టపటప కొట్టి, వెనక్కి పడుతోంది. ఆలస్యంగా పుట్టిందేమో, దాని టైం అది తీసుకుంటుందిలే అనుకున్నాను. తండ్రి మాత్రం వచ్చి పోతూనే ఉంది. మర్నాడు కూడా అదే తంతు. మధ్యాహ్నానికి అరుపు బాగా సన్నబడింది. మా ఆవిడ, "ఒట్టూ లేదు గట్టూ లేదు, తీసి చూడండి" అని కేకలేస్తే అప్పుడు స్టూలెక్కాను.

కాలికి ప్లాస్టిక్ పోగు. సిమెంటు బస్తా అంచులోంచి పీకిన తెల్లటి పోగు, గూడు అల్లడానికి తల్లి తెచ్చుకుంది. అది పిల్ల కాలికి నాలుగు చుట్లు చుట్టుకుని గూట్లోకి బిగిసిపోయింది. అది ఎగరబోయినప్పుడల్లా ఇంకా బిగిసింది. కాలు వాచి ఊదా రంగుకి తిరిగింది. మా ఆవిడ పిల్లని పలచటి గుడ్డలో కళ్లు కప్పి పట్టుకుంటే, గోళ్ల కత్తెరతో ఒక్కో చుట్టూ కత్తిరించాను. పెద్ద పిచ్చుకే పాతిక గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. ఈ పిల్ల బరువు చేతికి తెలియనే లేదు, గుండె కొట్టుకోవడం మాత్రం తెలిసింది. మళ్లీ పెట్టెలో వేశాం. తర్వాతి రోజు పొద్దున్న పెట్టె ఖాళీ. సాయంత్రం పక్కింటి పిట్టగోడ మీద ఒక పిల్ల ఒంటికాలి మీద కూర్చుని నోరు తెరిస్తే తండ్రి తినిపిస్తోంది. అదే అయ్యుంటుంది.

అందుకని "తీయకూడదు" అన్నదానికి ఒక మినహాయింపు. తోడువి వెళ్లిపోయి ఒక్కటే ఉండిపోయి, కన్నం దగ్గర రెక్కలు కొట్టుకుంటూ బయటికి రాలేకపోతుంటే సాయంత్రం వరకు చూసి, తర్వాత తీయండి. గూడు కట్టే రోజుల్లో బస్తాల పోగులు, గాలిపటం దారాలు, నైలాన్ తాళ్ల ముక్కలు పెరట్లో లేకుండా ఏరేయడం ఇంకా మంచిది. ఆ ఏడాది నుంచి నేను ఎండుగరికా, వేలెడంత పొడవున కత్తిరించిన కొబ్బరిపీచూ గోడ మీద పెడుతున్నాను. ముందు అవే పట్టుకుపోతాయి.

పిల్ల కింద పడితే? ఒంటి మీద ఈకలు లేకపోతే నెమ్మదిగా తీసి గూట్లో పెట్టేయండి. ఈకలు నిండా ఉండి, తోక పొట్టిగా, గంతులేస్తూ ఉంటే అది పడిపోయింది కాదు, బయటికొచ్చింది. దాన్ని గూట్లో పెట్టినా ఉండదు. ఇంట్లోకి తేకండి. పిల్లికి అందకుండా ఏ కొమ్మ మీదో, పూలకుండీల వెనక గోడ మీదో ఉంచి దూరం జరగండి. బయటికొచ్చాక కూడా వారం పది రోజులు పెద్దవి తినిపిస్తాయి, ముఖ్యంగా తండ్రి, ఎందుకంటే తల్లి అప్పటికే తర్వాతి విడత గుడ్ల పనిలో పడుతుంది. నోట్లో నీళ్ల చుక్కలు మాత్రం వేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జాలేసి పంజరంలో పెంచుకుందామన్న ఆలోచనా వద్దు, అడవి పక్షిని పెంచుకోవడం చట్టరీత్యా నేరం.

తిండి: పెట్టెలో ఏమీ వేయకండి. అన్నం, పాలు, బ్రెడ్డు ఏదీ. పెద్ద పిచ్చుకలు గింజలు తింటాయి గానీ పిల్లలకి మొదట్లో మెత్తటి పురుగులే కావాలి. మా బెండమొక్కల మీద పేనుబంక పడితే ఒకప్పుడు వెంటనే మందు కొట్టేవాణ్ణి. ఇప్పుడు పిల్లలున్న నెలలో కొట్టను. కాయలు కొన్ని పోతాయి, పోనీలెమ్మంటాను. పెద్దవాటికి కాసిని నూకలు, వెడల్పాటి మట్టిమూకుడులో నీళ్లు పెడితే చాలు. మా తాతగారింట్లో కోతలయ్యాక వరికంకులు కుచ్చుగా అల్లి చూరుకి వేలాడదీసేవారు. మీకు దొరికితే అది కూడా కట్టండి, పిచ్చుకలు తలకిందులుగా వేలాడి వడ్లు ఒలుచుకోవడం చూసి తీరాలి.

మా మేనకోడలు ఇంగ్లండ్‌లో ఉంటుంది. వాళ్ల పెరట్లో పెట్టెలోనే చిన్న కెమెరా ఉంది. నీలిరంగు నెత్తి ఉన్న చిట్టి పిట్టలు వస్తాయి, బ్లూ టిట్ అంటారు. అవి ఒకేసారి ఎనిమిది, పది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, కానీ మామూలుగా ఏడాదికి ఒకే విడత. మన పిచ్చుకలు తక్కువ గుడ్లు పెట్టి రెండు మూడు విడతలు పెంచుతాయి. మూత తీయకుండా ఫోనులోనే అన్నీ చూసేస్తుందని నాకు కాస్త కుళ్లు. మీకు స్తోమత ఉంటే వచ్చే ఏడాది గూడు కట్టకముందే అలాంటిది బిగించుకోండి. ఇప్పుడు మాత్రం వద్దు.

ఎండ మాట మర్చిపోయాను. పెట్టె పడమటి ఎండకు ఎదురుగా ఉంటే లోపల ఉడికిపోతుంది, పిల్లలు వేడికి తాళలేక ముందే దూకేస్తాయి. ఇప్పుడు పెట్టె జరపకండి, పైన ఒక గోనెపట్టా నీడలా కట్టండి, కన్నానికి అడ్డం రాకుండా. వరండాలో ఉంటే సీలింగ్ ఫ్యాన్ ఆపి ఉంచండి, కొత్తగా ఎగిరే పిల్లకి ఫ్యాన్ తెలియదు.

మీ లెక్క ప్రకారం వచ్చే వారం మధ్యలో వెళ్లాలి. గుర్తు ఏమిటంటే, పెద్దవి నోట్లో పురుగుతో వచ్చి లోపలికి పోకుండా ఎదురుగా తీగ మీదే కూర్చుని పిలవడం మొదలుపెడతాయి. మా ఇంట్లో ఎక్కువసార్లు తెల్లవారాక ఏడెనిమిది లోపే వెళ్లాయి, ఆరేళ్లలో నేను కళ్లారా చూసింది రెండుసార్లే, మిగతావన్నీ నేను కాఫీ కలుపుకుని వచ్చేలోగా అయిపోయాయి. ఆ నాలుగు రోజులూ కాఫీ ముందే ఫ్లాస్కులో పోసుకుని కూర్చోండి, పక్కింటి పిల్లిని కాసేపు వాళ్లింట్లోనే ఉంచమని అడగండి. ఖాళీ అయ్యాక వెంటనే గూడు పీకేయకండి, వారం పది రోజుల్లో తల్లి అందులోనే మళ్లీ గుడ్లు పెట్టొచ్చు.