కుటుంబ పత్రిక నడుస్తుందా? ఆరేళ్లుగా నడుపుతున్నవాడిగా నా సమాధానం

"అందరం తలో చోట ఉన్నాం, వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప మాటల్లేవు, బంధువులందరికీ ఒక చిన్న పత్రిక లాంటిది పెడితే ఎవరైనా చదువుతారా?" అని అడిగారు. చదువుతారు. నడపడమే కష్టం. మాది ఆరేళ్లుగా వస్తోంది, మధ్యలో ఎనిమిది నెలలు ఆగిపోయింది కూడా. అది నా తప్పే, ఆ సంగతి కిందికి వస్తాను.

నెలకొకటి అని మాత్రం మొదలుపెట్టకండి. మేం అలాగే పెట్టాం, పన్నెండు పేజీలు, రంగుల ముఖచిత్రం, పైగా సంపాదకీయం (నేనే రాసుకున్నాను, నవ్వకండి). మూడో సంచికకే వార్తలూ అయిపోయాయి, నా ఓపికా అయిపోయింది. ఇప్పుడు మూడు నెలలకొకటి, నాలుగే పేజీలు. ఏ3 కాగితానికి రెండు వైపులా ప్రింట్ తీసి మధ్యకు మడిస్తే నాలుగు ఏ4 పేజీలు వస్తాయి, పిన్ను కూడా కొట్టక్కర్లేదు. మిగిలిన విషయం ఏదైనా ఉంటే తర్వాతి సంచికకు పోతుంది, అంతే.

అసలు తలనొప్పి వార్తలు రాబట్టడం. "విశేషాలుంటే పంపండి" అని గ్రూపులో పెడితే అందరూ బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఫోన్ చేసి "ఏంటి బాబాయ్ విశేషాలు" అంటే "ఏముంటాయిరా, అంతా మామూలే" అంటాడు. ఒకసారి విసుగొచ్చి "ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఏం జరిగింది బాబాయ్?" అని అడిగాను. ఇక నలభై నిమిషాలు ఆపలేదు. అన్నయ్య చొక్కా వేసుకుని వెళ్లాడట, చేతులు పొడుగై వేళ్ల దాకా వస్తుంటే మడిచి మడిచి మోచేతి దాకా పెట్టుకున్నాడట, తీరా చూస్తే మధ్యాహ్నం దాకా వేరే ఆఫీసులో కూర్చున్నాడు, అక్కడివాళ్లు కూడా ఎవరో కొత్త కుర్రాడు అనుకుని టీ ఇచ్చారట! ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి రెండో పేజీలో వేశాను. అప్పటినుంచి నా పద్ధతి ఇదే, సంచికకు ఇద్దరికి ఫోన్ చేస్తాను, ఒక్కొక్కరిని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను, దానికి అవుననో కాదనో చెప్పి తప్పించుకునే వీలు ఉండకూడదు. రాయడం ఇష్టంలేని వాళ్లు వాయిస్ మెసేజ్ పెడితే నేనే టైపు చేసుకుంటాను.

ఇక ఆ ఎనిమిది నెలల సంగతి. మా పిన్నికి ఆపరేషన్ అయింది, అందరూ పలకరిస్తారు కదా అని నాలుగు లైన్లు రాసేశాను. ఆ విషయం ఆవిడ తన అత్తగారికే చెప్పలేదట. పత్రిక వెళ్లిన సాయంత్రమే ఫోన్ వచ్చింది, "నా ఒంట్లో సంగతి నీ పేపర్లో వెయ్యడానికి నువ్వెవడివిరా?" అని. ఏం చెప్తాను, ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? అప్పుడు ఆపేసి, పిన్నే మళ్లీ "ఏరా, మానేశావా?" అని అడిగేదాకా ముట్టుకోలేదు. ఇప్పుడు ఎవరి గురించి రాసినా వాళ్లకు ఫోన్లో చదివి వినిపించి, సరేనంటేనే వేస్తాను. ఆరోగ్యం, ఉద్యోగం పోవడం, పిల్లల మార్కులు అయితే వాళ్లంతట వాళ్లు వెయ్యమంటే తప్ప వెయ్యను. మార్కులు మరీ ప్రమాదం, ఒకరివి వేస్తే పది ఇళ్లలో గొడవ. పుట్టినరోజుల్లో తేదీ, నెల ఉంటాయి, సంవత్సరం ఉండదు, ఎందుకంటే పీడీఎఫ్ ఒకసారి ఫార్వర్డ్ అయ్యాక ఎవరి చేతికి పోతుందో మన చేతుల్లో లేదు. ఫోన్ నంబర్లు, అడ్రసులు అసలే వద్దు.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి ప్రింటులో మసకగా వస్తాయి, డాక్యుమెంట్‌గా పంపమని ముందే చెప్పండి. వర్డ్ ఫైల్ పంపకండి, ఫాంటు లేని ఫోన్లో పేజీ అంతా చెదిరిపోతుంది, పీడీఎఫ్ చేసి పంపండి. ఈమెయిల్ అయితే అడ్రసులన్నీ బీసీసీలో (ఒకరి అడ్రసు ఇంకొకరికి కనపడని గడిలో) పెట్టండి, లేదంటే ఒకరి జవాబు అందరికీ పోయి ఇంకో రామాయణం. అక్షరాలు 14 పాయింట్లకు తగ్గకూడదు. మా పెద్దమ్మ మొదటి సంచికను భూతద్దం పెట్టి చదివి, రెండు పేజీలయ్యాక కళ్లు నొప్పని పక్కన పెట్టేసింది. ఆవిడతో కలిపి నలుగురికి ఇప్పటికీ కాగితం మీదే పోస్టులో వెళ్తుంది, ఫోన్లో చూసేవాళ్లకంటే వాళ్లే పూర్తిగా చదువుతారు.

చివరి పేజీలో మూడో వంతు ఉత్తరాలకు వదలండి. బాబాయ్ కథ వచ్చిన వారానికే పెదనాన్న నుంచి ఉత్తరం వచ్చింది, ఆ చొక్కా తనదేననీ, అడక్కుండా తీసుకెళ్లాడనీ, ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదనీ. బాబాయ్ జవాబు తర్వాతి సంచికలో వేశాం. దానికి పెదనాన్న జవాబు నిన్ననే వచ్చింది, రెండు పేజీలుంది, ఎక్కడ కత్తిరించాలో చూస్తున్నాను.