నేపియర్ గడ్డిలో చక్కెర: రెండు పరీక్షలు, రెండు అంకెలు

ప్రశ్న: మా లంక పొలంలో ఆరు గేదెల కోసం సూపర్ నేపియర్ వేశాం. పాతర వేసే (గాలి చొరకుండా తొక్కి పులియబెట్టి నిల్వచేసే) ముందు, ఆ పులియడానికి కావలసిన చక్కెర గడ్డిలో ఎంతుందో చూద్దామని ఒకే కోతలోంచి రెండు ప్రయోగశాలలకు నమూనాలు పంపాను. ఒకచోట 1.1 శాతం అన్నారు, రెండోచోట 9.4 శాతం అన్నారు. మొదటి నమూనా పాలిథిన్ సంచిలో మర్నాటికి గాని చేరలేదు. ఏ అంకెను నమ్మాలి? చెరకు రైతులు రసంలో తీపి చూసుకునే బ్రిక్స్ మీటరుతో నేనే చూసుకోవచ్చా?
– ఒక పాడి రైతు, రావులపాలెం ప్రాంతం

జవాబు: మీరు జతచేసిన నకళ్లు చూస్తే రెండు ప్రయోగశాలలూ కొలిచింది ఒకే వస్తువును కాదు, లెక్క కట్టిందీ ఒకే బరువు మీద కాదు. మొదటి నివేదిక పచ్చిగడ్డి బరువు మీద, రెండోది ఎండు పదార్థం (నీరంతా పోగా మిగిలేది) మీద ఇచ్చారు. మీ గడ్డిలో ఎండు పదార్థం 20 శాతమని రెండో కాగితంలోనే ఉంది కనుక 1.1ని 0.20తో భాగిస్తే 5.5 శాతం వస్తుంది. సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

మిగిలిన తేడాకు మొదటి కారణం పద్ధతి. మొదటివారు కొలిచినవి రాగి లవణాన్ని క్షయకరించగల చక్కెరలు, అంటే ముఖ్యంగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్. సుక్రోజ్‌కు (మనం వాడే పంచదార ఇదే) ఆ గుణం లేదు కాబట్టి ఆమ్లంతోనో ఇన్వర్టేజ్ ఎంజైముతోనో ముందుగా విడగొడితే తప్ప అది లెక్కలోకి రాదు. చెరకుకు దూరపు చుట్టమైన నేపియర్ కాండంలో సుక్రోజ్‌ను వదిలేసి చక్కెర లెక్క చెప్పడం నా దృష్టిలో అసంపూర్ణమే. రెండోవారిది ఆంత్రోన్ పద్ధతి. పొడి చేసిన గడ్డి నుంచి నీటిలోకి దిగిన చక్కెరలన్నీ గాఢ గంధకామ్లంలో ఆంత్రోన్ అనే రసాయనంతో కలిసి నీలి ఆకుపచ్చ రంగునిస్తాయి, ఆ రంగు గాఢతను సుమారు 620 నానోమీటర్ల కాంతి దగ్గర చదివి, తెలిసిన గ్లూకోజ్ ద్రావణాలతో పోల్చి శాతం కడతారు. ఈ పరీక్ష ఎంత సున్నితమంటే, వడపోత కాగితపు నూగు ఒక్కటి గొట్టంలో పడ్డా, అందులోని సెల్యులోజ్ కూడా రంగునిచ్చి అంకెను పెంచేస్తుంది.

రెండో కారణం మీ పాలిథిన్ సంచి. కోసిన గడ్డి వెంటనే చచ్చిపోదు, శ్వాసిస్తూనే ఉంటుంది. అలాంటి సంచిలో చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం గడ్డిలోని చక్కెర కాలుతున్న వేడే. ఈసారి రెండు మూడు గంటల్లోపు ప్రయోగశాలకు చేర్చలేకపోతే, ముక్కలు చేసి బాగా కలిపిన గడ్డిని నీరు చొరని కవరులో కట్టి, చేపల వ్యాపారులు వాడే ఐసు పెట్టెలో పెట్టి పంపండి. అక్కడివారు దాన్ని 60 – 65 డిగ్రీల ఓవెన్‌లో ఆలస్యం లేకుండా ఆరబెట్టాలి. మరీ ఎక్కువ వేడి పెడితే చక్కెరలు మాంసకృత్తులతో కలిసిపోయి అంకె తగ్గుతుంది. కోసిన వేళను సంచి మీద రాయండి, ఎందుకంటే ఎండలో తయారైన చక్కెర వల్ల సాయంత్రపు కోతలో ఉదయపు కోత కంటే ఎక్కువ ఉంటుంది.

చలిదేశాల రై గడ్డికి ఇచ్చే అంకెలతో మీ నేపియర్‌ను పోల్చకండి. ఆ గడ్లు చక్కెరను ఫ్రక్టాన్ల (ఫ్రక్టోజ్ గొలుసుల) రూపంలో దాచుకుంటాయి, ఆ ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి. మన ఉష్ణదేశపు గడ్డి ఆకుల్లో దాచుకునేది పిండి పదార్థం. అది చల్లని నీటిలో కరగదు, పాతరలో పులియబెట్టే లాక్టిక్ బాక్టీరియాల్లో చాలావాటికి అక్కరకు రాదు.

బ్రిక్స్ మీటరు రసంలో కరిగిన సమస్తాన్నీ, లవణాలతో సహా, చక్కెరగానే చూపుతుంది. సముద్రం చేరువ ఉప్పు నేలల్లో పెరిగిన మేతకు అది మరింత మోసం చేస్తుంది. ఒకే మడిలో ఉదయం, సాయంత్రం తేడా చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

మీ పాతరకు 9.4నే ఆధారంగా తీసుకోండి. అసలు అడ్డంకి 80 శాతం నీరు. కోసిన గడ్డిని ఒక పూట వాడ్చి, ఎండు పదార్థం 30 శాతానికి దగ్గరయ్యాక ముక్కలు కొట్టించండి. వాన పట్టి వాడ్చడం కుదరకపోతే టన్నుకు 20 – 30 కిలోల మొలాసిస్‌ను (చక్కెర మిల్లు మడ్డిని) కొద్ది నీటిలో కలిపి, పొర పొరకూ చల్లి తొక్కించండి.