ఒప్పుకోని ఒక్క పద్దు

మీ ప్రశ్న చదివి రెండు రోజులైంది, మనసులో మెదులుతూనే ఉంది. రోజూ కన్నీళ్లతో పాపాలు ఒప్పుకుంటున్నా లోపలి మసక విడిపోవడం లేదని రాశారు. దేవుని వెలుగులో నడవడమంటే అసలు ఏమి చేయాలి, దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలదా, మనుషుల దగ్గరికి కూడా వెళ్లాలా అని అడిగారు. నేను పాస్టరును కాను, వేదాంతం చదువుకోలేదు. కానీ మీరు చెప్పిన ఆ మసకలో దాదాపు మూడేళ్లు బతికినదాన్ని. అందుకే నాకు జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. పొలిమేర దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంత రోజున కొండల నుంచి దిగే సవరల మాట. మా సంఘంలో స్త్రీల సమాజానికి గుప్పెడు బియ్యం కానుక ఉంది. చాలా తెలుగు సంఘాల్లో ఉన్నదే. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం, ఆదివారం గుడికి తెచ్చి గోనెసంచిలో పోస్తాం. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు పేదలకు, జబ్బుపడినవాళ్లకు, సువార్త పనికి వెళుతుంది. ఏడేళ్లపాటు ఆ లెక్క నా చేతిలో ఉండేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. వాటితో పోలిస్తే మా నష్టం చిన్నది. వెనక వసారా మీద పెంకులు లేచిపోయాయి, గోడ నానిపోయింది. మా ఆయనకు పని ఆగిపోయింది. సమాజం డబ్బు బీరువాలో ఉంది. అందులోంచి 4,500 రూపాయలు తీసి, పాతపట్నం నుంచి సిమెంటు రేకులు తెప్పించాం. తీసేటప్పుడు అప్పు అనే అనుకున్నాను. క్రిస్మస్‌కు ముందు సంవత్సరం లెక్క చదవాల్సి వచ్చింది. అప్పటికి డబ్బు సర్దుబాటు కాలేదు. ముందు రోజు రాత్రి నోటుబుక్కు తీసి, ‘తుఫాను సహాయం, కొండ ఊరిలో ఇల్లు కూలిన కుటుంబానికి, 4,500’ అని రాశాను. అర నిమిషం కూడా పట్టలేదు. మర్నాడు ఆ వరుస నేనే బయటికి చదివాను. అందరూ ‘స్తోత్రం’ అన్నారు.

ఆ తర్వాత నేను ప్రార్థన మానలేదు. మీరు దీన్ని గమనించాలి. మునుపటికంటే ఎక్కువే చేశాను. అత్తగారి మీద విసుక్కున్నాను క్షమించు, పిల్లల మీద కోపపడ్డాను క్షమించు, వాక్యం చదువుతూ నిద్రపోయాను క్షమించు అని ఏడ్చేదాన్ని. అవన్నీ నిజమైన పాపాలే, ఆ ఏడుపూ నిజమే. కానీ ఆ ఒప్పుకోలునే తెరలా కట్టుకున్నాను. చివర ‘తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు ప్రభువా’ అని ముగించేదాన్ని. మన ప్రార్థనల్లో ఎంత అలవాటైన మాట అది! ఆ ‘అన్నీ’లో పద్దు కూడా చేరిపోయిందని నన్ను నేను నమ్మించుకున్నాను. 2020లో కరోనా వల్ల గుడి మూసినప్పుడు, కూడికలు లేవు, లెక్క చదవక్కర్లేదు అని లోపల ఒక ఊరట కలిగింది. గుడి మూసేస్తే ఊరట కలిగే స్థితికి చేరాను.

యెహోషువ గ్రంథం 7వ అధ్యాయంలో ఆకాను కథ మీకు తెలిసే ఉంటుంది. యెరికో పట్టణంలో ఎవరూ ముట్టకూడదని దేవుడు చెప్పిన సొత్తును అతను దొంగిలించి దాచాడు. ఎవరో తేల్చడానికి చీట్లు వేశారు: ముందు గోత్రం, తర్వాత వంశం, తర్వాత కుటుంబం, చివరికి మనిషి. చీటీ దగ్గరికి వస్తున్నంతసేపూ అతను నోరు విప్పలేదు. విప్పినప్పుడు మాత్రం ఒక షీనారు పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి, డేరా మధ్య నేలలో దాచాను అని తూకంతో సహా చెప్పాడు. ఒప్పుకోవడమంటే ఇది కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. నా ప్రార్థనల్లో తూకం ఎప్పుడూ లేదు.

2021లో వానలు వెనకబట్టాక, సమాజం బియ్యం ఒక సంచి మా ఇంట్లోనే ఉండిపోయింది. ముక్కపురుగు పట్టింది. చేటతో చెరిగినా, చేత్తో కలిపినా లోపలికే పోతుంది. ఒక ఉదయం వాకిట్లో చాప పరిచి బియ్యం పలచగా ఆరబోశాను. ఎండ ఎక్కింది. కాసేపటికి పురుగులు ఒక్కొక్కటిగా పైకి వచ్చి చాప అంచుకు పాకడం మొదలుపెట్టాయి. వాటి జోలికి నేను పోలేదు. పక్కన పీట మీద కూర్చుని చూస్తున్నాను. ఆ వారం ఇంటి ప్రార్థనలో 139వ కీర్తన చదువుతున్నాం. ‘దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము’ అనే మాట నోట్లో ఆడుతోంది. కీర్తనకారుడు నన్ను నేనే వెతుక్కుంటాను అనలేదు, నువ్వు చూడు అన్నాడు. అప్పుడు ఆ పద్దు కళ్ల ముందుకు వచ్చింది. నా దస్తూరీలో, నీలం సిరాలో, ఆ ఒక్క వరుస.

భయం కలగలేదు. ఈ తేడా మీకు తప్పకుండా చెప్పాలి. మూడేళ్లూ నాలో ఒక గొంతు ‘నువ్వు పనికిరావు, నీ ప్రార్థన దొంగ ప్రార్థన’ అంటూనే ఉంది. అది ఎప్పుడూ ఫలానా తప్పు అని వేలు పెట్టి చూపలేదు, ఫలానా పని చెయ్యి అని చెప్పలేదు. ఆ రోజు వచ్చిన తలంపు నన్ను ఒక్క మాట అనలేదు. పద్దు చూపించింది. ఏమి చేయాలో అందులోనే ఉంది. మీకు వినిపించేది ఊరికే నలిపేసే గొంతు మాత్రమే అయితే అది దేవుని వెలుగు అని నేను అనుకోను.

చేయడానికి మాత్రం మరో మూడు వారాలు పట్టింది. మొదట మా ఆయనకు చెప్పాను, రాత్రి, దీపం ఆర్పాక. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘రేకుల డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తావని అడగలేదు’ అన్నారు. నా ఒక్కదాని పాపం అనుకున్నదానిలో ఆయన కూడా నాకు తెలియకుండా కూర్చుని ఉన్నారు. యోహాను మొదటి పత్రిక 1:7లో వెలుగులో నడిస్తే ‘అన్యోన్య సహవాసము’ అనే మాట ముందు వస్తుంది, యేసు రక్తం పవిత్రులను చేస్తుందనే మాట ఆ తర్వాత వస్తుంది. ఆ వరుస ఎందుకో ఆ రాత్రి మాకు కొంత అర్థమైంది. ఇద్దరం లేచి కూర్చుని ప్రార్థన చేసుకున్నాం.

తర్వాత సమాజం అధ్యక్షురాలి దగ్గరికి వెళ్లాను. ఆమెను అందరం పెద్దక్క అంటాం. దగ్గరికి తీసుకుని పోనీలే అంటుందని లోలోపల ఆశపడ్డాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని ఆ వరుస చదివి, నోటుబుక్కు తన దగ్గరే ఉంచుకుని, ‘మిగతావాళ్లకు నువ్వే చెప్పాలమ్మా’ అంది. చెప్పాను. తొమ్మిది మంది ఉన్నారు. ఒకామె, కూలికి వెళ్లే మనిషి, నెమ్మదిగా అంది: ‘ఆ తుఫాను నెలలో మా ఇంట్లో రెండో పూట వండని రోజులున్నాయక్కా. అయినా గుప్పెడు తీశాను.’

నా పాపం ఎంతటిదో అప్పుడు తెలిసింది. అంతవరకు అది పుస్తకంలో తప్పుడు వరుస అనే అనుకున్నాను. మూడేళ్లు దాచుకున్నదాని అసలు పరిమాణం, దాచడం మానిన రోజున గానీ నాకే కనబడలేదు. మీ మసక గురించి నాకు తోచేది కూడా ఇదే. అన్నీ ఒప్పుకుంటున్నా మిగిలిపోయేది ఏదో ఒకటి ఉందేమో, ఆ ఒక్కదానికి మీరు పేరు పెట్టకుండా చుట్టూ తిరుగుతున్నారేమో చూడండి.

సంఖ్యాకాండము 5:7 మోసపోయినవారికి మొత్తానికి అయిదోవంతు కలిపి తిరిగి ఇవ్వమంటుంది. 4,500కు 900 కలిపి, 5,400 నాలుగు నెలల్లో కట్టాను. అది కట్టినందుకు నా పాపం పోయిందని అనుకోకండి. కడిగేది యేసు రక్తమే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. డబ్బు వాళ్లది కాబట్టి ఇచ్చాను. సమాజం దాన్ని నిజంగానే ఒక కొండ ఊరి కుటుంబానికి పంపింది. లెక్క పుస్తకం మరొకరికి ఇచ్చారు, అది సరైన పనే.

ఇక మనుషులకు చెప్పాలా అన్న మాట. ఎవరికి అన్యాయం చేశామో వాళ్లకు చెప్పాలి. మత్తయి 5:23, 24లో ప్రభువు కానుకను బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. మనసులో మాత్రమే ఉన్న అసూయ, చెడు తలంపు వంటివి దేవునితో చెప్పుకోండి, కావాలంటే నమ్మకమైన ఒక్కరితో. వాటిని సంఘమంతటి ముందు పెట్టక్కర్లేదు. చెప్పడం వల్ల మూడో మనిషి కాపురమో పరువో దెబ్బతినేలా ఉంటే ముందు అనుభవమున్న పెద్దల సలహా తీసుకోండి. ఎవరి ప్రాణానికైనా, పిల్లల క్షేమానికైనా సంబంధించినదైతే సంఘంలోనే సర్దేయకూడదు, చట్టానికి చెప్పాలి.

ఇంకొకటి, దీన్ని బతిమాలి చెబుతున్నాను. మా సమాజంలో ఒకామె చిన్నప్పుడు తనకు జరిగిన అన్యాయాన్ని తన పాపమనుకుని ఏళ్ల తరబడి ఒప్పుకుంటూ వచ్చింది. మీ మసక అలాంటిదైతే అది మీ పాపం కాదు, క్షమాపణ అడగవలసింది మీరు కాదు. ఎంత అడిగినా దేవుడు ఏమీ చూపించకపోతే లోపల తవ్వుకోవడం ఆపండి. దుఃఖం వల్ల, నిద్రలేమి వల్ల, జబ్బు వల్ల కూడా మనసు ముసురుపడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లడం విశ్వాసం తగ్గడం కాదు.

గుప్పెడు తీసిన మాట చెప్పిన ఆమె చాలాకాలం నాతో సరిగా మాట్లాడలేదు. నేను తొందరపెట్టలేదు. ఇప్పుడు ఆదివారం బియ్యం పోసే దగ్గర సంచి మూతి ఆమె పట్టుకుంటుంది. నా డబ్బా వంతు వచ్చినప్పుడు, ‘పొయ్యక్కా’ అంటుంది.