ఒంగోలు జాతి మంద వెనక టెక్సాస్ గుర్రం

ప్రశ్న: బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి ఆవుల్ని వందల్లో తోలుకుపోతున్న వీడియో ఒకటి మా అబ్బాయి చూపించాడు. తోలేవాళ్లంతా గుర్రాల మీదే ఉన్నారు. పొట్టిగా, పిరుదులు బలిసిన గుర్రాలు, ఆవు ఎటు తిరిగితే అవీ అటే తిరుగుతున్నాయి, పైన కూర్చున్నాయన కళ్లెం లాగుతున్నట్టు కూడా లేదు. అది ఆ దేశపు గుర్రమేనా? మనమూ తెచ్చి పెంచుకోవచ్చా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు చెప్పిన పోలికల్ని బట్టి అది క్వార్టర్ హార్స్ అయ్యుండాలి అండీ. పుట్టిల్లు అమెరికా, పావు మైలు పరుగులో దాన్ని మించింది లేదు కాబట్టి ఆ పేరు. బ్రెజిల్‌కి మొదటగా వెళ్లింది 1955లో, టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ అనే పెద్ద పశువుల క్షేత్రం నుంచి, అక్కడ వాళ్ల పొత్తు కంపెనీ స్విఫ్ట్ కింగ్ రాంచ్ కోసమని ఆరు గుర్రాలు. 1969కల్లా సావో పౌలోలో వాటికంటూ ఒక బ్రీడర్ల సంఘమే ఏర్పడింది. ఇంచుమించు అదే కాలంలో, అంటే 1960ల మొదట్లో, మీ జిల్లా కరవది ఊరి పేరు పెట్టుకున్న ఒంగోలు ఆబోతు కూడా బ్రెజిల్ చేరింది, అక్కడి నెలోర్ పశువుల (మన ఒంగోలు జాతికి అక్కడి పేరు) వంశవృక్షాల్లో 'కర్వాది' పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. టెక్సాస్ గుర్రం, ఒంగోలు ఆబోతు రెండూ వెళ్లి మూడో దేశంలో కలిసి పనిచెయ్యడం అన్నమాట, నాకైతే భలే సరదాగా అనిపిస్తుంది.

ఇక కళ్లెం సంగతి. మందలోంచి ఒక్క పెయ్యని విడగొట్టాలి అనుకోండి, రౌతు గుర్రాన్ని నెమ్మదిగా మందలోకి నడిపించి ఆ పెయ్యని అంచుకి తెస్తాడు, తర్వాత చెయ్యి దించేస్తాడు, అక్కణ్ణుంచి పని గుర్రానిదే. పెయ్య మళ్లీ మందలోకి దూరాలని చూస్తుంది కదా, గుర్రం ముందుకాళ్లు వంచి బరువంతా వెనక కాళ్ల మీద వేసుకుని, చెవులు పెయ్య మీదే పెట్టి, అది ఎడమకి ఉరికితే తనూ ఎడమకి, ఆగితే తనూ ఆగి, దారి ఇవ్వకుండా నిలబడుతుంది. అమెరికాలో దీనికి పోటీలున్నాయి, రెండున్నర నిమిషాల టైము, పశువుని విడగొట్టాక రౌతు కళ్లెంతో సాయం చేస్తే మార్కులు పోతాయి. శిక్షణ ఉంటుంది, కానీ పశువు కదలికని ముందే పసిగట్టే గుణం రక్తంలోనే ఉండాలి, దాని కోసమే తరాలుగా ఏరి ఏరి పెంచారు.

మన దగ్గరికి తెచ్చుకోవడం మాత్రం దండగ. మన గిత్తకి ముకుతాడు ఉంటుంది, ఆవుకి పలుపు ఉంటుంది, పిల్లాడు పట్టుకుని నడిచినా వెంట వస్తుంది. అక్కడ పశువు మనిషి చెయ్యి తగలకుండా వందల ఎకరాల బీడులో పెరుగుతుంది, మనిషిని చూస్తే పరుగే, కాలినడకన వెళ్తే దొరికే ప్రసక్తి లేదు. అలాంటి వ్యవసాయం ఉన్నచోటే ఆ గుర్రం తిండి ఖర్చు గిట్టుబాటవుతుంది.

ప్రశ్న: టెక్సాస్ కూడా ఎండ ప్రాంతమే కదా సార్, మరి బ్రెజిల్‌లో ఆ గుర్రానికి కొత్తగా అలవాటు పడాల్సింది ఏముంది?
– వెటర్నరీ విద్యార్థిని, గన్నవరం

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఎండ కంటే గడ్డితోనే ఎక్కువ తంటా. బ్రెజిల్ బీళ్లలో ఎక్కువ భాగం బ్రాకియేరియా, ఆఫ్రికా నుంచి వచ్చిన గడ్డి, మన పారాగడ్డికి దగ్గరి చుట్టం. ఈ రకాల్లో చాలావాటిలో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టేస్తాయి కాబట్టి నెలోర్ హాయిగా మేసి బలుస్తుంది, గుర్రానికి ఆ పొట్ట లేదు, ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుని పేడలో పోతుంది, ఒంట్లో కాల్షియం తగ్గేసరికి శరీరం ఎముకల్లోంచి లాగడం మొదలెడుతుంది. నెలలు గడిచాక దవడ, ముఖం ఎముకలు మెత్తబడి రెండు వైపులా ఉబ్బుతాయి, నమలలేదు, కుంటుతుంది. బీడు చూస్తే పచ్చగా ఉంటుంది, గుర్రం చిక్కిపోతూ ఉంటుంది, కొత్తవాళ్లకి అర్థం కాదు. అందుకే తెలిసిన రాంచ్‌లలో గుర్రాలకి వేరే గడ్డి, కాల్షియం ఉన్న మినరల్ మిక్స్చర్ పెడతారు.

రెండోది పిడుదులు. వాటివల్ల వచ్చే పైరోప్లాస్మోసిస్ అనే రక్తపు జబ్బు అమెరికాలో దాదాపు లేదు, బ్రెజిల్‌లో అంతటా ఉంది. పెద్దయ్యాక దిగుమతైన గుర్రం దాన్ని తట్టుకోలేక జబ్బుపడుతుంది, అక్కడే పుట్టిన పిల్లకి చిన్నప్పుడే కొద్దికొద్దిగా సోకి నిలదొక్కుకుంటుంది. ఇంక ఉక్కపోత చోట్ల కొన్ని గుర్రాలకి చెమట పట్టడమే ఆగిపోతుంది, అదో బాధ. వీటన్నిటికీ వాళ్లు ఎక్కువగా నమ్ముకున్నది సంకరం, దిగుమతి మగగుర్రాన్ని స్థానిక ఆడగుర్రాలతో కలిపి తరం తరం పెంచుకుంటూ రావడం. మన కృత్రిమ గర్భధారణ (ఏఐ) సెంటర్లలో జెర్సీకి చేసిందీ అదే లెండి.

అయినా అన్ని పనులూ క్వార్టర్ హార్స్‌కే ఇవ్వలేదు. దీని దుడుకు నడకలో రోజంతా కూర్చుంటే నడుం విరుగుతుంది, అందుకే మందని రోజుల తరబడి దూరం తోలాలంటే అక్కడివాళ్లు కంచరగాడిదల్నీ, కుదుపులేని నడక ఉన్న మంగలార్గా గుర్రాల్నీ తీస్తారు, ముందు ఒకడు కొమ్ముబూర ఊదుకుంటూ పోతాడు. దొడ్డి దగ్గర విడగొట్టే పనికి మాత్రం క్వార్టర్ హార్స్.

ప్రశ్న: బ్రెజిల్‌లో కూడా జల్లికట్టులాంటి ఆట ఉందట, ఈ గుర్రాలతోనేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఈశాన్య రాష్ట్రాల్లో ఆడే వాకెజాడ గురించి అడుగుతున్నట్టున్నారు. ఇద్దరు రౌతులు ఎద్దుకి చెరోపక్క దౌడు తీస్తారు, ఒకడు దాన్ని గీత తప్పకుండా నడిపి తోక అందిస్తాడు, రెండోవాడు తోక పట్టి లాగి రెండు సున్నపు గీతల మధ్య పడేస్తాడు. ఈ ఆటకి ఎక్కువగా క్వార్టర్ హార్సులే. 2016లో అక్కడి సుప్రీంకోర్టు సియరా రాష్ట్రం చేసిన వాకెజాడ చట్టాన్ని కొట్టేస్తే, 2017లో ఏకంగా రాజ్యాంగ సవరణ చేసి ఆటని నిలబెట్టుకున్నారు. తమిళనాడులో జల్లికట్టు చట్టం మార్చిందీ అదే ఏడాది. గుర్రం పనితనం ఎంత మెచ్చుకున్నా, తోక లాగి పడెయ్యడం మాత్రం నాకు నచ్చదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా పాపకి స్వారీ నేర్పడానికి క్వార్టర్ హార్స్ కొనమంటున్నారు, ఏం చూసుకోవాలి?
– ఒక తల్లి

జవాబు: పిల్లలకి నిదానమైన జాతే, కాకపోతే వయసులో ఉన్న చురుకైన గుర్రం జోలికి పోకుండా, విత్తులు కొట్టించిన, పదేళ్లు దాటిన మగదాన్ని చూడండి. కాగితాల్లో ఇంప్రెసివ్ అనే మగగుర్రం వంశం ఉంటే హెచ్‌వైపీపీ జన్యు పరీక్ష రిపోర్టు అడగండి, ఆ జబ్బున్న గుర్రానికి ఉన్నట్టుండి ఒళ్లు వణికి కుప్పకూలొచ్చు, పొటాషియం ఎక్కువుండే లూసర్న్ గడ్డి పెడితే ఇంకా ముదురుతుంది. రిపోర్టు చూపించనంటే బేరం వదిలేసి వచ్చెయ్యండి.