అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్లేవాళ్లు రెండు రోజులకి ఎంత సామాను పెట్టుకోవాలి?

భుజానికి తగిలించుకునే బ్యాగు ఒక్కటి చాలు. మెట్లు 3,550, దూరం సుమారు 9 కిలోమీటర్లు. మొదట్లో బరువేం తెలియదు, మోకాళ్ల పర్వతం దగ్గర తెలుస్తుంది.

అలిపిరిలో టీటీడీ లగేజీ కౌంటర్ ఉంది. బ్యాగుకి తాళం వేసి ఇస్తే ఉచితంగా కొండమీదికి చేరుస్తారు, రసీదు చూపించి పైన తీసుకోవచ్చు. అయినా చాలామంది సూట్‌కేసు మోసుకుంటూ ఎక్కుతారు, ఎందుకో మరి!

బరువంతా బట్టలదే. ఎక్కేటప్పుడు ఒంటిమీద పాత కాటన్ జత, దర్శనానికి పంచె, ఉత్తరీయం. ఆడవాళ్లకైతే చీర, లేదా చున్నీతో చుడీదార్. దిగేటప్పటికి ఇంకో జత. మందపాటి టర్కీ టవల్ వద్దు, తడిస్తే ఒక పట్టాన ఆరదు. పల్చటి తుండుగుడ్డ గంటలో ఆరిపోతుంది, గుండు చేయించుకుంటే తలకీ చుట్టుకోవచ్చు. చలికాలమైతే శాలువా తప్పనిసరి.

తిండి మోయక్కర్లేదు, వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం ఉచితం. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కొండమీద నిషేధం కాబట్టి చిన్న స్టీలు సీసా పెట్టుకోండి. ఆధార్, మందులు, ఫోన్ చార్జర్. లడ్డూలకి మడతపెట్టిన గుడ్డసంచి ఒకటి.